క్లాక్ టౌన్ పోస్టుమాన్: వెళ్ళమని చెప్పేవారు లేని మనిషి

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, కథలు రాసేవారూ, వీడియో గేమ్‌లు తయారుచేయడం నేర్చుకుంటున్న విద్యార్థులూ కలిసిన సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పెద్దలున్నారు. వెనక వరుసల్లో పిల్లలున్నారు. ఈ సాయంత్రం నా పని కొంచెం చిత్రమైనది. పిల్లలకు ఆట తెలుసు. పెద్దలకు పోస్టుమాన్ తెలుసు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఆటలోని పోస్టుమాన్ గురించి చెప్పాలి. పిల్లలూ, మీకు తెలిసిన సంగతులు నేను చెబుతున్నప్పుడు కాస్త ఓపిక పట్టండి. పెద్దలూ, మీరు కూడా. పోస్టుమాన్ ఎలా ఉంటాడో మాకు తెలియదా అని మధ్యలో అనకండి. ఈ పోస్టుమాన్ మీకు తెలియదు.

ఆటల గురించి మాట్లాడమంటే సాధారణంగా నాయకుడి గురించి మాట్లాడతారు. కత్తి, డాలు, రాక్షసుడు, రాకుమారి. నేను ఈ రోజు నాయకుడి గురించి దాదాపు ఏమీ చెప్పను. ఊళ్ళో ఉత్తరాలు పంచే మనిషి గురించి చెబుతాను. అతనికి పేరు లేదు. ఆట మొత్తంలో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవరు. పోస్టుమాన్, అంతే. ఆట పూర్తి చేయడానికి అతనితో ఒక్క మాటైనా మాట్లాడాల్సిన అవసరం లేదు. మాట్లాడకుండానే ఆట ముగించిన వాళ్ళు వేలల్లో ఉంటారు. అలాంటి మనిషి గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడటం ఎందుకు? ఎందుకంటే, ఒక చిన్న పాత్రను ఎలా నిలబెట్టాలో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇంకో కారణం కూడా ఉంది. అది మన ఊరికి సంబంధించినది. అక్కడికి తర్వాత వస్తాను.

ఆట పేరు ద లెజెండ్ ఆఫ్ జెల్డా: మజోరాస్ మాస్క్. నింటెండో సంస్థ 2000వ సంవత్సరం ఏప్రిల్‌లో జపాన్‌లోనూ, అక్టోబరులో అమెరికాలోనూ విడుదల చేసింది. నింటెండో 64 అనే యంత్రం మీద ఆడేవారు. 2015లో 3డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం కోసం మళ్ళీ కొత్తగా చేశారు. 2022లో నింటెండోవారి స్విచ్ అనే యంత్రం చందాదారులకు కూడా అందుబాటులోకి వచ్చింది. ఇక్కడి పిల్లల్లో చాలామంది ఆడింది అదేనని అనుకుంటున్నాను. అవునా? సరే.

దీనికి ముందు 1998లో వచ్చిన ఆకరీనా ఆఫ్ టైమ్ చాలా పెద్ద ఆట. దాని తర్వాత ఈ ఆటను సుమారు ఒక్క ఏడాదిలోనే పూర్తి చేయాల్సి వచ్చింది. ఎయిజి అవోనుమా, యోషియాకి కొయిజుమి అనే ఇద్దరు దర్శకులు. కొయిజుమి అప్పటికే వేరే ఆలోచనలో ఉన్నారు. దొంగాపోలీసు తరహా ఆట ఒకటి. ఆటలో ఒక వారం గడుస్తుంది, ఆ వారంలోపు దొంగను పట్టుకోవాలి. అదే వారాన్ని మళ్ళీ మళ్ళీ ఆడాలి. ఆ ఆలోచన తీసుకొచ్చి ఇందులో కలిపారు. మొదట వారమే అనుకున్నారు. కానీ వారం చివరికి వచ్చి మళ్ళీ మొదటి రోజుకు వెళ్ళాలంటే ఆడేవాడికి ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మో, మళ్ళీ వారమంతానా అనిపిస్తుంది. అందుకని మూడు రోజులకు కుదించారు. ఈ కుదింపును గుర్తుపెట్టుకోండి. మన పోస్టుమాన్ పుట్టింది ఇక్కడే.

కథ రెండు మాటల్లో చెబుతాను. టెర్మినా అనే దేశం. దాని నడిబొడ్డున క్లాక్ టౌన్ అనే ఊరు. ఊరి మధ్యలో గడియార స్తంభం. ఊళ్ళో ఉత్సవానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. పైన చంద్రుడు ఉన్నాడు. ఆ చంద్రుడికి ముఖం ఉంది, కోపంగా కిందికి చూస్తుంటాడు. మాయ ముసుగు తొడుక్కున్న స్కల్ కిడ్ ఆ చంద్రుణ్ణి కిందికి లాగుతున్నాడు. 72 గంటల్లో చంద్రుడు ఊరి మీద పడతాడు. మన గడియారంలో అది సుమారు 54 నిమిషాలు. ఆడేవారు నడిపే లింక్ అనే కుర్రవాడు తన ఆకరీనా అనే ఊదే వాయిద్యాన్ని వాయిస్తే కాలం వెనక్కి తిరిగి మొదటి రోజు తెల్లవారుజాముకు చేరుతుంది. మళ్ళీ మూడు రోజులు మొదలవుతాయి. అంతే కథ. మిగతాదంతా ఆ మూడు రోజుల్లో ఊరివాళ్ళు ఏం చేస్తారన్నదే.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఆటల్లో ఊరివాళ్ళు ఎలా ఉంటారు? మీరు వెళ్ళేదాకా అక్కడే నిలబడి ఉంటారు. పలకరిస్తే ఒక మాట అంటారు. మళ్ళీ పలకరిస్తే అదే మాట. పది గంటల తర్వాత వచ్చినా అదే మాట. క్లాక్ టౌన్‌లో అలా కాదు. మీరు చూసినా చూడకపోయినా వాళ్ళ పనులు వాళ్ళు చేసుకుంటూ పోతారు. సత్రంలో పనిచేసే అంజు ఫలానా వేళకు వంటింట్లో ఉంటుంది, ఫలానా వేళకు బయటికి వెళుతుంది. ఆటలో మీకొక నోటు పుస్తకం ఇస్తారు. అందులో ఇరవైమంది ఊరివాళ్ళు ఉంటారు. ఎవరు ఏ వేళకు ఏ కష్టంలో ఉంటారో అందులో నమోదవుతుంది. వాళ్ళలో మన పోస్టుమాన్ ఒకడు.

అతని రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. ఊళ్ళో అక్కడక్కడా తపాలా పెట్టెలున్నాయి. ఒక పూట వాటిలోని ఉత్తరాలు తీస్తాడు. ఇంకో పూట బట్వాడా చేస్తాడు. నడవడు, పరిగెడతాడు. ఎప్పుడూ పరుగే. మీరు వీధిలో నిలబడి ఉంటే పక్కనుంచి దూసుకుపోతాడు. కాసేపటికి ఇంకో వీధిలో మళ్ళీ ఎదురవుతాడు. రెండు మూడుసార్లు చూశాక మీకొక విషయం అర్థమవుతుంది. నిన్న ఇదే వేళకు ఇక్కడే కనిపించాడు. అంటే ఇతన్ని చూసి వేళ చెప్పవచ్చు. ఊరి మధ్యలో అంత పెద్ద గడియారం ఉంది, దాన్ని చూడనక్కరలేదు. పోస్టుమాన్ వెళ్ళాడు కదా, ఇక ఇంత అయి ఉంటుంది అనుకోవచ్చు. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు తల ఊపుతున్నారు. మీ చిన్నప్పుడు వీధిలోకి పోస్టుమాన్ వచ్చే వేళ మీకు గుర్తుండే ఉంటుంది.

మన విశాఖలో పిల్లలకు ఉత్తరం అంటే బ్యాంకువాళ్ళు పంపే కవరే. కానీ ఊరు మరిచిపోలేదు. సిటీ బస్సుల బోర్డుల మీద ఓహెచ్‌పీఓ అని ఇప్పటికీ కనిపిస్తుంది. వన్‌టౌన్ వైపు వెళ్ళే బస్సులు. ఓల్డ్ హెడ్ పోస్టాఫీసు. రోజూ ఆ బస్సెక్కే వాళ్ళలో ఎంతమంది అక్కడి పోస్టాఫీసుకు వెళుతున్నారో నాకు తెలియదు గానీ, ఆ ప్రాంతానికి పేరుగా పోస్టాఫీసే నిలిచింది. ఒక ఊరికి తపాలా కార్యాలయం అంత ముఖ్యమైన గుర్తుగా ఉన్న రోజులు ఉండేవి. క్లాక్ టౌన్‌లో ఆ రోజులు ఇంకా నడుస్తున్నాయి.

మళ్ళీ మనవాడి దగ్గరికి వద్దాం. ఊరి పశ్చిమ భాగంలో పోస్టాఫీసు ఉంది. అతని ఇల్లు కూడా అదే. లోపలికి వెళితే బల్ల, మంచం. తీరిక వేళల్లో అతను ఏం చేస్తాడో తెలుసా? మంచం మీద పడుకుని మనసులో లెక్కపెట్టడం సాధన చేస్తుంటాడు. పది సెకన్లు. గడియారం చూడకుండా సరిగ్గా పది సెకన్లు లెక్కపెట్టగలగాలి. మనల్ని కూడా ప్రయత్నించమంటాడు. మీరొక మీట నొక్కితే కాలం మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. మధ్యలో తెర మీద ఏమీ కనిపించదు. సరిగ్గా పది దగ్గర ఆపితే బహుమతి. కుందేలు చెవుల టోపీ పెట్టుకుని ఆడితే మాత్రం అంకెలు కనిపిస్తాయి, ఆ కిటుకు పిల్లలకు తెలుసు. పెద్దలు ఇంటికి వెళ్ళాక కళ్ళు మూసుకుని ప్రయత్నించండి. ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇది చిన్న ఆటలో చిన్న ఆట. కానీ చూడండి, ఇందులో మనిషి మొత్తం ఉన్నాడు. పని లేని వేళ కూడా పనికే సిద్ధమవుతున్నాడు. ఇతరులు తీరిక దొరికితే పాలదుకాణంలో కూర్చుంటారు, ఉత్సవం గురించి కబుర్లు చెప్పుకుంటారు. ఇతను కాలాన్ని ఒంటికి పట్టించుకుంటున్నాడు. అతని బాల్యం మనకు చెప్పలేదు. అతని కుటుంబం చెప్పలేదు. అతని మనసులో మాట కూడా చెప్పలేదు. పది సెకన్లు లెక్కపెట్టించారు. అంతే. కథలు రాసే మిత్రులకు నా మనవి ఇదే. మనం ఒక పాత్రను పరిచయం చేయాలంటే ముందు అతని గతం రాస్తాం. నాలుగు పేజీల గతం. అతని మంగళవారం మధ్యాహ్నం రాయండి. ఏ వేళకు ఎక్కడ ఉంటాడో రాయండి. ఒంటరిగా ఉన్నప్పుడు చేతులతో ఏం చేస్తాడో రాయండి.

సరే, అతను మోసే ఉత్తరాల సంగతి. అంజుకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు కాఫెయి. మేయరుగారి కొడుకు. అతను నెల రోజులుగా కనిపించడం లేదు. అతని తల్లి మేడమ్ ఆరోమా ఊరంతా వెతికిస్తోంది. లింక్‌కు కూడా కొడుకు ముఖంతో చేసిన ముసుగొకటి ఇచ్చి, దీన్ని తొడుక్కుని అందరినీ అడుగు అంటుంది. ఇక్కడ జరిగింది ఏమిటంటే, స్కల్ కిడ్ కాఫెయిని చిన్నపిల్లవాడిగా మార్చేశాడు. పైగా అతని పెళ్ళి ముసుగు దొంగల పాలైంది. ఆ రూపంతో అంజుకు ఎదురుపడలేక దాక్కున్నాడు. మొదటి రోజు మధ్యాహ్నం సత్రంలోకి పోస్టుమాన్ వచ్చి అంజు చేతికి ఒక ఉత్తరం ఇస్తాడు. అది కాఫెయి రాసింది. ఆ రాత్రి అంజు జవాబు రాసి లింక్‌కు ఇస్తుంది, తపాలా పెట్టెలో వేయమని. వేస్తే, రెండో రోజు మధ్యాహ్నం పోస్టుమాన్ పరుగున వచ్చి చాకిరేవు దగ్గర గంట కొడతాడు. ఒక తలుపు తెరుచుకుంటుంది. నక్క ముసుగు తొడుక్కున్న చిన్నపిల్లవాడు బయటికి వస్తాడు. ఉత్తరం అతని చేతికి ఇచ్చి, పోస్టుమాన్ మళ్ళీ పరుగు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఊరంతా ఎవరిని వెతుకుతోంది? కాఫెయిని. కాఫెయి చిరునామా ఎవరికి తెలుసు? పోస్టుమాన్‌కు తెలుసు! కాఫెయి పేరు మీద వచ్చిన ఉత్తరాన్ని తిన్నగా ఆ తలుపు దగ్గరికే తెచ్చాడు. మేయరు గారికి చెప్పలేదు. వెతుకుతున్న తల్లికి చెప్పలేదు. దాక్కున్నవాడి చిరునామా దాక్కున్నవాడిదే. ఆ సంగతి ఆటలో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఇతను ఎంత నమ్మకస్తుడో చూడండి అని ఏ పాత్రా పొగడదు. గంట కొట్టడం ఒక్కటే చూపిస్తారు. ఆ గంట దగ్గర నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. ఇప్పటికీ ఉంది.

ఆ ఉత్తరం గురించి ఇంకో మాట. సత్రంలో మరుగుదొడ్డి ఉంది. రాత్రివేళ అందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి కాగితం అడుగుతుంది. పిల్లలు నవ్వుతున్నారు, తెలుసన్నమాట. దానికి ఏ కాగితమైనా ఇవ్వవచ్చు. అంజు రాసిన ఉత్తరం కూడా ఇవ్వవచ్చు! ఇస్తే ఇక అంతే. మర్నాడు గంట మోగదు. కాఫెయి తలుపు తెరవడు. ఆట మిమ్మల్ని ఆపదు, తిట్టదు. ఉత్తరం అంటే ఆఖరికి ఒక కాగితమే. దాన్ని ఉత్తరంగా చూసేవాడు ఉంటేనే అది ఉత్తరం. ఆ ఊళ్ళో ఆ చూసేవాడు మన పోస్టుమాన్.

ఇప్పుడు మూడో రోజు.

మూడో రోజు సాయంత్రానికి చంద్రుడు ఆకాశంలో సగం ఆక్రమించి ఉంటాడు. నేల అదురుతుంటుంది. అంజు కుటుంబం ఊరు విడిచి రోమానీ పశువుల క్షేత్రానికి వెళ్ళిపోతుంది. కత్తిసాము నేర్పే గురువు ఒకాయన ఉన్నాడు. చంద్రుడు వస్తే ముక్కలు చేస్తానని మొదటి రోజు కోతలు కోశాడు. ఆ రాత్రి చూస్తే వెనక గదిలో దాక్కుని వణుకుతుంటాడు. ఆయన్ని నేను తప్పుపట్టను, చంద్రుడు పడుతుంటే ఎవరైనా వణుకుతారు. మేయరుగారి గదిలో మొదటి రోజు నుంచీ ఒకటే సమావేశం. ఊరు ఖాళీ చేయించాలని కాపలాదళం నాయకుడు, ఉత్సవం ఆపేది లేదని వడ్రంగుల పెద్ద. ఇద్దరూ అరుచుకుంటుంటారు. మేయరు మధ్యలో కూర్చుని ఎటూ తేల్చడు. ఖాళీ చేయండి అని ఊరికి చెప్పాల్సిన మనిషి ఆయన. ఆయన నోటి నుంచి ఆ మాట రాదు.

ఆ రాత్రి పోస్టాఫీసుకు వెళ్ళండి. తలుపు తీయండి. మూడు రోజులుగా ఒక్కచోట నిలవకుండా పరిగెత్తిన మనిషి నేల మీద పడి ఉంటాడు. మోకాళ్ళ మీద, రెండు చేతులూ నేలకు ఆనించి. దగ్గరికి వెళ్ళి పలకరిస్తే అతను చెప్పేదాని సారాంశం ఇది: పారిపోవాలని ఉంది. కానీ పారిపోవడం సమయపట్టికలో రాసి లేదు.

ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే ఈ ప్రసంగమంతా ఈ మాట కోసమే. పారిపోవాలని ఉంది. కానీ అది సమయపట్టికలో రాసి లేదు.

మొదటిసారి విన్నవాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. ఇందాక ఇక్కడికి వచ్చేముందు ఒక అబ్బాయి కూడా నాతో అన్నాడు: అతను తెలివితక్కువవాడు కదండీ, ఉద్యోగం పారేసి వెళ్ళిపోవచ్చు కదా? న్యాయమైన ప్రశ్నే. వెళ్ళిపోవచ్చు. తలుపుకు తాళం లేదు. ఊరి ద్వారం దగ్గర అతన్ని ఆపేవాడు లేడు. కాళ్ళు ఊళ్ళో అందరికంటే గట్టివి. మరి ఎందుకు వెళ్ళడు? ఇంతసేపూ నేను చెప్పినది మళ్ళీ గుర్తుచేసుకోండి. అతను గడియారం లేకుండా పది సెకన్లు లెక్కపెట్టే మనిషి. ఊరివాళ్ళు అతన్ని చూసి వేళ చెప్పుకునే మనిషి. కాఫెయి లాంటివాడు తన చిరునామా నమ్మి అప్పగించగల మనిషి. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? అతను ఎన్నడూ వేళ తప్పలేదు కాబట్టి వచ్చింది. ఈ రోజు మాత్రం తప్పు, నీ ప్రాణం చూసుకో అంటే, అది అతని చేత కావడం లేదు. నేల మీద పడి ఏడుస్తున్నాడంటే ప్రాణభయం అతనికీ ఉందన్నమాట. భయం లేని మనిషి అయితే నాకు ఇంత నచ్చేవాడు కాదు. భయమూ ఉంది, కట్టుబాటూ ఉంది. రెండూ సమానంగా ఉన్నాయి. అందుకే నేల మీద ఉన్నాడు.

మన ఊరి సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఇక్కడున్న పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. వేల సంఖ్యలో కరెంటు స్తంభాలు కూలాయి. ఫోన్లు పనిచేయలేదు. మన దగ్గరా ఆకాశం నుంచి వచ్చింది, మన దగ్గరా వస్తోందని ముందే తెలిసింది. తేడా ఎక్కడ ఉంది? ఇక్కడ ముందే హెచ్చరిక జారీ అయింది. తీరప్రాంత గ్రామాల నుంచి లక్షల మందిని ముందుగానే తరలించారు. వెళ్ళండి అని ఒకరు చెప్పారు. ఆ మాట చెప్పవలసిన స్థానంలో ఉన్నవారు చెప్పారు. అయినా నష్టం జరిగింది, ప్రాణాలు కూడా పోయాయి. కానీ ఆ మాట అసలు రాకపోయి ఉంటే ఏం జరిగేదో ఊహించండి.

ఆ తర్వాతి రోజులు గుర్తున్నాయా? చీకట్లో స్తంభాలు నిలబెట్టిన లైన్‌మన్లు గుర్తున్నారా? వేరే జిల్లాల నుంచి కూడా వచ్చారు. పాలు ఎలాగో తెచ్చి ఇచ్చినవాళ్ళు, రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లు కోసినవాళ్ళు, ఆసుపత్రి వార్డుల్లో రాత్రీ పగలూ ఉండిపోయిన నర్సులు. వాళ్ళ ఇళ్ళ పైకప్పులు ఏమయ్యాయో వాళ్ళు తర్వాత చూసుకున్నారు. పని వదలలేని మనుషులు ప్రతి ఊళ్ళో ఉంటారు. వాళ్ళ వల్లే ఊరు మళ్ళీ లేస్తుంది. కానీ వాళ్ళంతట వాళ్ళు వెళ్ళరు. అలాంటివాళ్ళకు ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తప్పుకోవాలో పైనున్నవారు చెప్పాలి. క్లాక్ టౌన్‌లో పోస్టుమాన్ నేల మీద పడి ఉండటానికి కారణం పోస్టాఫీసులో లేదు. మేయరుగారి సమావేశంలో ఉంది. నేను ఈ ఆటలో చూసింది అదే. ఇతరులు ఇంకోలా చూడవచ్చు.

మరి ఇతన్ని లేపే దారి లేదా? ఉంది. చాలా సన్నని దారి. మూడో రోజు కాఫెయి తన తల్లికి ఒక అత్యవసర ఉత్తరం రాసి పెడతాడు. అది లింక్ చేతికి వస్తుంది. ఇప్పుడు ఆడేవారికి రెండు దారులు. ఒకటి, ఆ రాత్రి పాలదుకాణంలో ఉన్న మేడమ్ ఆరోమాకు మీరే వెళ్ళి ఇవ్వవచ్చు. ఇస్తే ఆవిడ ఒక సీసా బహుమతిగా ఇస్తుంది. పిల్లలకు తెలుసు, ఈ ఆటల్లో సీసా అంటే బంగారం. మందు పోసుకోవచ్చు, పాలు పోసుకోవచ్చు, ప్రాణం పోసే దేవకన్యను దాచుకోవచ్చు. రెండోది, ఆ ఉత్తరాన్ని పోస్టాఫీసుకు తీసుకెళ్ళి నేల మీద పడి ఉన్న మనిషికి ఇవ్వవచ్చు.

ఇస్తే ఏమవుతుంది? చంద్రుడు నెత్తి మీద ఉన్నాడు. నేల కదులుతోంది. ఇంతసేపూ ఏడుస్తున్న మనిషి ఆ కవరు మీద అత్యవసరం అన్న గుర్తు చూస్తాడు. లేస్తాడు! వెంటనే అందించాల్సిన ఉత్తరం వెంటనే అందించాలి. అది కూడా నియమమే. ఆ నియమం సమయపట్టిక కంటే పెద్దది. మళ్ళీ అదే పరుగు. మీరు వెనకే పరిగెత్తి చూడవచ్చు. ఖాళీ వీధుల్లో, ఎర్రబడిన ఆకాశం కింద, ఊళ్ళో ఆఖరి బట్వాడాకు అతను పరిగెడుతుంటాడు. పాలదుకాణంలోకి వెళ్ళి ఉత్తరం ఆరోమా చేతికి ఇస్తాడు. అప్పుడు ఆవిడ అతనికి చెబుతుంది, నువ్వు పారిపో అని.

ఎవరు చెప్పారో గమనించారా? మేయరు చెప్పలేదు. మేయరుగారి భార్య చెప్పింది. మూడు రోజుల సమావేశంలో రాని మాట పాలదుకాణంలో ఒక్క క్షణంలో వచ్చింది. ఇంకోటి గమనించండి. పోస్టుమాన్ తనంతట తాను ఆవిడ దగ్గరికి వెళ్ళి, అమ్మా నన్ను పంపించండి అని అడగలేదు. అడగడు కూడా. అతను ఆవిడ ముందుకు వెళ్ళగలిగే దారి ఒక్కటే, ఉత్తరం. అంటే అతన్ని కట్టేసిన పనే అతన్ని విడిపించే చోటికి కూడా తీసుకెళ్ళింది. ఇది రాసినవారు ఎవరో గానీ, పని చేసే మనుషులను దగ్గరగా చూసి రాశారు.

బయటికి వచ్చాక మిమ్మల్ని కలుస్తాడు. తనకు పారిపొమ్మని ఆదేశం వచ్చిందంటాడు. ఆ ఆనందం చూడాలి. అప్పుడు తల మీది టోపీ తీసి మీకు ఇస్తాడు. ఉద్యోగపు టోపీ. ఇచ్చి, ఊరి బయటికి పరిగెడతాడు. ఈసారి పరుగులో చేతిలో ఉత్తరం లేదు.

ఇక్కడితో కథ అయిపోతే హాయిగా ఉండేది. అవదు. మీరు ఆకరీనా వాయించి కాలాన్ని వెనక్కి తిప్పాలి, లేకపోతే చంద్రుడు పడతాడు. తిప్పితే మళ్ళీ మొదటి రోజు తెల్లవారుజాము. పోస్టుమాన్ మళ్ళీ పరుగులో ఉంటాడు, తల మీద టోపీతో సహా. మీరు విడిపించింది అతనికి జరగనేలేదు. మూడో రోజు రాత్రి అతను మళ్ళీ నేల మీద పడి ఉంటాడు. టోపీ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ముసుగులూ టోపీలూ కాలంతో పాటు వెనక్కి పోవు. అతను మీ పక్కనుంచి దూసుకుపోతాడు, మీరు అతని టోపీ పెట్టుకుని నిలబడి ఉంటారు.

చాలామంది ఏం చేస్తారంటే, సీసా కావాలి, టోపీ కూడా కావాలి కాబట్టి ఈ మూడు రోజులను రెండుసార్లు ఆడతారు. ఒకసారి ఉత్తరం తామే ఇస్తారు, ఇంకోసారి అతనికి ఇస్తారు. ఆటలో అన్నీ సేకరించాలనుకునేవారికి అది తప్పదు. నేనొకటి అడుగుతాను, చెయ్యి ఎత్తనక్కరలేదు. సీసా తీసుకున్న ఆ మూడు రోజుల్లో పోస్టాఫీసు తలుపు తీసి చూశారా? ఉత్తరం చేతిలో పెట్టుకుని, అతన్ని చూసి, మళ్ళీ తలుపు వేసి పాలదుకాణానికి వెళ్ళారా? ఆట మిమ్మల్ని చూడమనలేదు. చూడకుండా వెళ్ళిపోతే ఏ పాపమూ లేదు. కానీ చూసి వెళ్ళినవాళ్ళకు ఆ సీసా ఏ ఖరీదుకు వచ్చిందో తెలుస్తుంది. ఒక మాట కూడా రాయకుండా, ఒక మనిషిని ఒక గదిలో పెట్టి ఇంత పని చేయించారు. ఆటలు తయారుచేయడం నేర్చుకుంటున్న పిల్లలూ, మీరు ముందు తెర మీద ఎంత అందంగా ఉందో చూస్తారు. చూడండి, తప్పు లేదు. ఆ తర్వాత ఇది చూడండి. 2000 నాటి బొమ్మలు ఇవి, ముఖాలు మొరటుగా ఉంటాయి, వేళ్ళు సరిగ్గా కనిపించవు. అయినా ఆ గదిలో పని జరిగింది.

టోపీతో ఏం చేయవచ్చని ఒక అమ్మాయి చీటీ పంపింది. మంచి ప్రశ్న. టోపీ పెట్టుకుని తపాలా పెట్టెల దగ్గరికి వెళితే వాటిని తెరిచి చూడవచ్చు. మొదటిసారి ఒక గుండె ముక్క దొరుకుతుంది, అంటే మీ ఆయుష్షు కొంచెం పెరుగుతుంది. అంతకు మించి దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. పోరాటంలో పనికిరాదు. కాబట్టి లాభం లెక్కవేస్తే సీసాయే మేలు. లెక్క వేయకుండా ఇవ్వాలి ఆ ఉత్తరం.

ఇంకా ఆడనివాళ్ళ కోసం చివరగా పనికొచ్చే వివరం చెప్పి ముగిస్తాను, సమయం కూడా అయింది. అంజు ఉత్తరం మొదటి రాత్రి తీసుకోండి, తెల్లారేలోపు పెట్టెలో వేయండి, మరుగుదొడ్డి వైపు వెళ్ళకండి. రెండో రోజు మధ్యాహ్నం చాకిరేవు దగ్గర ముందే వెళ్ళి నిలబడండి, గంట కొట్టడం మీ కళ్ళతో చూడండి. మూడో రోజు ఉత్తరం చేతికి రాగానే సాయంత్రం ఆరు దాటాక తిన్నగా పోస్టాఫీసుకు వెళ్ళండి. అర్ధరాత్రి దాకా ఆగకండి, అప్పటికి అతను అక్కడ ఉండకపోవచ్చు. ఉత్తరం ఇచ్చాక అతని వెంట పరిగెత్తండి. అతను మీకంటే వేగంగా వెళతాడు, దారి తప్పితే తూర్పు వీధిలో పాలదుకాణం ముందు ఆగండి, అక్కడికే వస్తాడు.